సుబ్రాయణ్ణ పేరు మీద

ఇంకా చదువుతోంది. నల్లటి తెర మీద తెల్లటి వరసలు ఒకదాని వెనక ఒకటి పైకి జరిగిపోతున్నాయి, ఒక్కో వరస మా సంఘం మెయిళ్ల గురించి వచ్చిన ఒక్కో రిపోర్టు, ఇన్నేళ్లుగా ఎవరూ విప్పని రిపోర్టులు, వాటిని ఈ ప్రోగ్రాం ఒక్కొక్కటే విప్పి, లోపలున్న అంకెలు తీసి, వరసగా పేర్చుకుంటూ పోతోంది, దానికి ఆకలి లేదు, మెడ నొప్పి లేదు, నాలుగింటికి మేడ మీద కమిటీ కూర్చుంటుందన్న దిగులు లేదు. నాకు మాత్రం చూస్తూ కూర్చోవడం తప్ప పని లేదు, అదే అన్నిటికన్నా అలసట. పొద్దుటినుంచి పనిలో పడి ఉన్నప్పుడు తెలియలేదు గాని ఇప్పుడు చేతులు ఊరికే ఒళ్లో పడి ఉంటే కళ్ల వెనక ఎక్కడో సలుపుతోంది. వాన. పడమటి కనుమల్లోని మా నేరళకొప్పలో వాన ఆగిందని ఎవరూ అనరు, కాస్త సన్నబడింది అంటారు, అంతే. పెంకుల మీద ఆ మోతకు చెవులు ఎంత అలవాటు పడ్డాయంటే అది ఆగితేనే ఉలిక్కిపడతాం. పక్కన వేలం హాల్లోంచి ఉడికించి ఆరబెట్టిన ఎర్రవక్క వాసన, తడి గోనెల వాసన, తడి గొడుగుల వాసన. గుమ్మం దగ్గర ఎవరో కాలికి పట్టిన జలగను పీకి, తాంబూలం సంచిలోంచి సున్నం తీసి రాసుకుంటూ, తన మీద తానే జోకు వేసుకుని నవ్వుతున్నాడు. నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. నా నెత్తి మీద చెక్కనేల, దాని మీద కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు, సెక్రటరీ మంజప్ప సర్దిస్తున్నాడు, అధ్యక్షుడి కుర్చీ కిటికీ వైపు, సుబ్రాయణ్ణ కుర్చీ తలుపు వైపు అయి ఉంటుంది, తప్పు చేసినవాణ్ణి మా వాళ్లు ఎప్పుడూ తలుపు వైపే కూర్చోబెడతారు.

తప్పు చేసినవాడు. చూశావా, ఆ మాట నాకూ వచ్చేసింది. నెలరోజులు వింటే ఏ మాటైనా నోటికి అలవాటైపోతుంది. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మా వక్కరైతుల సంఘం సభ్యులందరి ఫోన్లకూ ఒక మెయిల్ వెళ్లింది. పంపినవాడి పేరు సుబ్రాయ జోయిస, అంటే మా ధరల గుమాస్తా సుబ్రాయణ్ణ. మెయిల్లో రాత ఏమీ లేదు, ఒక కాగితం ఫోటోలాంటిది ఉంది, దాని మీద ఎడమచేత్తో రాసినట్టు వంకర అక్షరాలు: పాత వక్క కలిపిన రాశులకు మొదటి రకం చీటీ పడుతోంది, అవి ఎవరి తోట రాశులో అధ్యక్షుణ్ణి అడగండి. అంతే. అధ్యక్షుడు గజానన హెగడే తోటవే అని హాల్లో గోనెలు మోసేవాడి దగ్గరనుంచి అందరికీ తెలుసు, తెలిసీ ఎవరూ అనరు. మూడు తరాలుగా ఆ ఇంటి గుమ్మంలో కూర్చుని మజ్జిగ తాగినవాళ్లు ఎలా అంటారు? ఆ సాయంత్రమే సుబ్రాయణ్ణను పిలిచారు. నేను పంపలేదన్నాడు. నీ పేరు మీదే వచ్చింది కదా అన్నారు. అదే మా వాళ్ల న్యాయం. రాశి మీద చీటీలో ఏ పేరుంటే ఆ వక్క వాడిది, ఇన్నేళ్లూ అలాగే నడిచింది, పేరు ఒకరిది సరుకు ఒకరిది అయితే మా హాలే నడవదు. "రాసే ధైర్యమే ఉంటే కుడిచేత్తోనే రాసేవాణ్ణి కదండీ, నా పేరు నేనే పెట్టుకుని మళ్లీ అక్షరాలు ఎందుకు దాచుకుంటాను?" అన్నాడట. "అదే కదా నీ తెలివి," అన్నాడట గజానన హెగడే. ఇవాళ క్షమాపణ కాగితం మీద సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, కానీ ఆ కాగితాన్ని మహాసభలో రైతులందరి ముందూ మంజప్ప పైకి చదువుతాడు. పెట్టకపోతే ఇంటికి వెళ్లిపోవాలి, రిటైరవడానికి ఏడాది కూడా లేని మనిషి. అడకత్తెరలో పోకచెక్క అంటారు, పొద్దస్తమానం పోకచెక్కల మధ్య బతికే మాకు ఆ సామెత వాడటానికే సిగ్గేస్తుంది.

ఆ మనిషి చెప్పిన ధరను ఈ కనుమల్లో ఎవరూ ఇంకొకరిని అడిగి సరిచూసుకోరు. సాయంత్రం టెండర్లు విప్పగానే ఏ రకం ఎంత పలికిందో సుబ్రాయణ్ణ మెయిల్ చేస్తాడు, తోటల్లో, వాగుల అవతల, వక్కకు పట్టే కొళెరోగానికి నీలిమందు కొట్టి ఒళ్లంతా నీలంగా ఇంటికి చేరినవాళ్లు, చేతులు కడుక్కోక ముందే దానికోసం చూస్తారు. అందుకే అతని మెయిలుకు అందరూ ఫోన్లో వేరే మోత పెట్టుకున్నారు. ఒకరిది గుడిగంట, ఒకరిది కోకిల, అధ్యక్షుడిదైతే యక్షగానంలో వాయించే డోలు, చెండె, పెళ్లి పందిట్లో ఉన్నా సరే దడదడమని మోగుతుంది, ఆయన కళ్లజోడు వెతుక్కుంటాడు. ఆ శుక్రవారం పొద్దున కూడా అలాగే మోగి ఉంటుంది, ఇంత పొద్దున్నే ధరలేమిటా అనుకుని ఉంటాడు. మహాసభలో ఆ కాగితం చదివాక ఆ మోతలన్నీ ఒక్కొక్కరూ తీసేస్తారు. సుబ్రాయణ్ణకు ఉద్యోగం పోవడం కన్నా అదే పెద్ద దెబ్బ. అతను ఆ మాట అనడు, నాకు తెలుసు.

వరసలు ఆగాయి. ఆగిపోయిందా? కాదు, పెద్ద రిపోర్టు ఏదో, నములుతోంది, మళ్లీ కదిలింది. పొద్దున ఇలా ఆగిందంటే చచ్చిందనే అర్థం. ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, ప్రోగ్రాం దించుకోగానే పని అయిపోతుందనుకున్నాను, ముందు పైథాన్ పాతదైంది, కొత్తది వేస్తే డేటాబేస్ ఏదీ అంది, డేటాబేస్ వేస్తే అది లేచి రెండు నిమిషాలు నిలబడి మెమరీ చాలక కూలబడింది, నా కంప్యూటర్ వయసూ నా మోకాళ్ల వయసూ ఒకటే. మంజప్ప పాత బీరువాలోంచి ఒక చచ్చిన కంప్యూటర్ తెచ్చుకుని, దాని మెమరీ ముక్క ఊడదీసి, పైటకొంగుతో తుడిచి దీంట్లో గుచ్చాను, అప్పుడు నిలబడింది. తరువాత ఈ రిపోర్టులు వచ్చి పడే మెయిల్ పెట్టెకు పాస్‌వర్డ్. ఆ పెట్టె మాకుందని కూడా ఎవరికీ గుర్తులేదు, హుబ్బళ్లినుంచి వచ్చిన ఇంజినీరు మా మెయిల్ పెట్టిన రోజున తెరిచి, ఇందులోకి వచ్చేవి మీకు అర్థం కావు, అలాగే ఉండనివ్వండి అని చెప్పిపోయాడు. అతనికి ఫోన్ చేస్తే దుబాయ్‌లో ఎత్తాడు, నవ్వాడు, ఇంకా ఉందా అది, అన్నాడు. ఉంది. పాస్‌వర్డ్ తప్పన్నది, కొత్తది పెట్టాను, ఫోల్డర్ పేరు తప్పన్నది, మార్చాను, చదివిన రిపోర్టులను వేరే చోటికి జరపనా అన్నది, వద్దు తల్లీ, దేన్నీ ముట్టుకోకు, చదివి ఊరుకో అని అమర్చాను. ఈ గోలలో ఒకసారి మంజప్ప తల లోపలికి పెట్టాడు.

"ఏం భాగీరథమ్మా, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఇప్పుడా ఇదంతా?"

"కుక్కకు గొలుసు వేసింది మీరే కదండీ," అన్నాను.

అన్నాక భయం వేసింది గాని, నిజమే అన్నాను. వేసింది వాళ్లే. మన పేరు పెట్టుకుని ఎవరు మెయిల్ పంపినా అందుకున్న కంపెనీ రెండు సంగతులు చూస్తుంది, వచ్చిన చోటు మనం ఒప్పుకున్న చోటేనా, దాని మీద మన ముద్ర ఉందా. రెండూ లేకపోతే ఏం చేయాలో మనమే ముందు చెప్పిపెట్టాలి, తిప్పికొట్టు, లేదా పక్కన పడెయ్, లేదా చూసీ చూడనట్టు లోపలికి పోనియ్. చెప్పిపెట్టినందుకు రోజూ ఒక రిపోర్టు పంపుతారు, ఇవాళ మీ పేరుతో ఎక్కడెక్కడినుంచి ఎన్ని వచ్చాయి, ఎన్ని మీవి, ఎన్ని కావు అని. ఆ ఇంజినీరు మొదట తిప్పికొట్టు అనే పెట్టాడు. సరిగ్గా ఆ వారమే మహాసభ పిలుపులు, అచ్చు వేసే కంపెనీ వాడు మా పేరుతో తన చోటునుంచి మెయిల్ చేశాడు, ఒక్కటీ అందలేదు. వంటవాళ్లు పెద్ద పెద్ద గుండిగల్లో మామిడికాయ చారు, అప్పెహుళి కాచి కూర్చున్నారు, ఆకులు వేశారు, సగం ఆకులకు మనుషులు లేరు. గజానన హెగడే సగం ఖాళీ పంక్తిలో కూర్చుని, ఆకు మీద చెయ్యి పెట్టకుండా, ఆ తలుపేదో తెరిచిపెట్టండి, సంఘమన్నాక అందరూ రావాలి అన్నాడు. తెరిచిపెట్టారు. ఇప్పటికీ తెరిచే ఉంది. ఆ వారం ధరల కాగితం కూడా ఎవరికీ అందలేదని గొడవైంది, వానకు లైను పోయిందనుకున్నాం.

మధ్యాహ్నం సుబ్రాయణ్ణ కషాయం తెచ్చాడు. రోజూ తెస్తాడు, ఇంటినుంచి ఫ్లాస్కులో, ధనియాలూ జీలకర్రా వేయించి కొట్టిన పొడితో, బెల్లం కాస్త ఎక్కువ. రెండు గ్లాసుల్లో పోసి, తన గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, సంతకం పెట్టడానికి కూడా తయారవుతాడా మనిషి, నాకు ఒళ్లు మండింది.

"ఇంకాసేపు ఆగలేవా అన్నా? ఇది చదవడం అయిపోతే ఏ దేశంనుంచి వచ్చిందో తెలిసిపోతుంది."

"చదివి ఏం చెబుతుంది తంగీ? రాసిందెవరో చెబుతుందా?"

"రాసిందెవరో చెప్పదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతుంది."

"ఎక్కణ్ణుంచి వస్తేనేం. అలిసిపోయానమ్మా. సంతకం పెట్టేస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు." తరువాత గ్లాసులోకి చూస్తూ, "నెల్లాళ్లుగా పడుకోలేదు," అన్నాడు.

తంగీ అంటాడు నన్ను, చెల్లీ అని, నాకు అన్నలు లేరు, ఆ పిలుపు కోసమే సగం రోజులు ఈ ఉద్యోగానికి వస్తానేమో. గొడుగూ సంచీ నా బల్ల కింద పెట్టి, ఫోన్ కూడా సంచిలోనే వేసేసి, పైన మోగితే మళ్లీ అదొక మాట అంటారు అని, ఒట్టి చేతులతో వెళ్లాడు. కషాయం అడుగున కాస్త ఉంది. చల్లారింది. తాగాను. బెల్లం అంతా అడుగునే ఉంది.

దొరికితే దూరంగా దొరకాలి, పొద్దుటినుంచి నా మొక్కు అదొక్కటే. ఎక్కడో సముద్రాల అవతల ఒక దొంగ, మా వక్కసంఘం పేరు వాడికెందుకో మాకు తెలియదు, ఎందుకో వాడుకున్నాడు, అయిపోయింది. అధ్యక్షుడికి మర్యాద, సుబ్రాయణ్ణకు నిద్ర, రాసిన మనిషికి కూడా ఊరట, అందరం కలిసి ఆ దొంగను తిట్టుకుంటూ చేమాకు పత్రోడె తినవచ్చు. కాని కన్నడంలో ఎడమచేత్తో రాసే దొంగ సముద్రాల అవతల ఎందుకుంటాడే భాగీరథీ. ఉండడు. తెలుసు. అయినా అలసిన మనసు ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ కూర్చుంటుంది.

అయిపోయింది. వరసలు నిలిచిపోయాయి, అడుగున గీత ఒకటి ఆగి ఆగి మెరుస్తోంది. ఇప్పుడు పటాలు. గ్రాఫులు చూపించమని నొక్కాను. తెర మీద ముందు రంగులు వచ్చాయి, తరువాత అంకెలు. ఎన్ని పచ్చ కడ్డీలో, అవి మావి, మా మెయిల్ కంపెనీనుంచి మా ముద్రతో వెళ్లినవి, రోజూ సాయంత్రం ఒక పచ్చటి కడ్డీ, సుబ్రాయణ్ణ ధరలు, ఆదివారాలు ఖాళీ, చూస్తుంటే అతను పనిచేసిన రోజులన్నీ వరసగా నిలబడ్డట్టున్నాయి. అక్కడక్కడ ఎర్రవి, నిజంగానే ఎక్కడెక్కడి దేశాలో, నా గుండె కాసేపు ఎగిరింది, ఉన్నారు, దొంగలున్నారు. ఆ శుక్రవారం మీద నొక్కాను. ఆ రోజు దేశాల దొంగలు ఒక్కరూ లేరు. ఒక్కటే ఎర్ర కడ్డీ, పొడుగ్గా, సభ్యులు ఎందరో అన్ని మెయిళ్లు. ముద్ర లేదు, మనం ఒప్పుకున్న చోటు కాదు, అయినా తలుపు తెరిచి ఉంది కనక లోపలికి వెళ్లాయి. సుబ్రాయణ్ణ మెయిల్ పెట్టెనుంచి కాదు. అతను నిజమే చెప్పాడు, అతని పెట్టెనుంచి అయితే పచ్చగా ఉండేది. మరి ఎక్కణ్ణుంచి? పక్కన ఆ చోటి అంకెలు.

ఆ అంకెలు చదవనవసరం లేదు. నాకు నోటికి వచ్చు. వానాకాలం వచ్చిందంటే ఏదో కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది, బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసుకు ఫోన్ చేసి మా లైను అంకె ఇదండీ, ఇదండీ అని జపం చేసినట్టు చెబుతాను, వాళ్లు చూస్తామమ్మా అని వారం చూస్తారు. అవే అంకెలు. మా లైను. మా కప్పు కింది లైను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టేశాను గదా, ఏం సుఖం? ఇది పట్టుకెళ్లి పైన చూపిస్తే గజానన హెగడే ఏమంటాడు, మన భవనంలోంచే వచ్చింది, సుబ్రాయ మన భవనంలోనే ఉంటాడు, ఇంకేం కావాలి అంటాడు. ఉన్న ఊపిరి కూడా నేనే తీసినట్టవుతుంది. పైన అడుగులు. అధ్యక్షుడి చెప్పుల చప్పుడు నాకు తెలుసు, ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. వచ్చేశాడు.

ఆలోచించు. కళ్లు మూసుకో, మూస్తే నిద్ర వస్తుంది, మూయకు. ఈ కప్పు కింద మెయిల్ కంపెనీని అడగకుండా సొంతంగా మెయిల్ పంపగలిగేది ఏది? నా కంప్యూటర్ కాదు, మంజప్పది కాదు, సుబ్రాయణ్ణది కాదు, అన్నీ కంపెనీ ద్వారానే పోతాయి, పోతే పచ్చగానే పోతాయి. తూకం దగ్గర కంప్యూటర్‌కు నెట్ లేదు. హాజరు వేలిముద్రల పెట్టె పోయిన వానకే చచ్చింది. ఎవరి ఫోనో? ఫోన్లకు మా లైను ఇవ్వలేదు. ఈ లైను మీద ఇంకేముంది? మళ్లీ ఆ అంకెల మీదే నొక్కాను, ఒక్క శుక్రవారం కాదు, మొత్తం చూపించు, మొదటినుంచి. చూపించింది. ఆ శుక్రవారానికి ముందు ఎన్నో నెలలు ఏమీ లేదు, నున్నటి నేల. ఇంకా వెనక్కి వెళితే ఎరుపు, మళ్లీ ఎరుపు, రోజూ సాయంత్రం ఒక ఎర్ర కడ్డీ, ఆదివారాలు ఖాళీ. సుబ్రాయణ్ణ పచ్చ కడ్డీలు మొదలైన రోజున ఈ ఎర్రవి ఆగిపోయాయి. అవీ అతని సాయంత్రాలే. పచ్చబడక ముందు.

కీ... చ్. కీ... చ్. చెవిలో ముందు ఆ చప్పుడే వచ్చింది, తరువాతే గుర్తొచ్చింది. మెట్ల కింది పెద్ద ప్రింటరు. అప్పుడు సుబ్రాయణ్ణ ధరలు టైపు చేసేవాడు కాదు, హాల్లో చేత్తో రాసిన కాగితం తెచ్చి ఆ ప్రింటరు గాజు మీద బోర్లించి, మూత వేసి, ఒక మీట నొక్కేవాడు, అదే అందరికీ మెయిల్ చేసేది. అక్షరాలు కనబడటం లేదని రైతులు గొణిగితే టైపు నేర్చుకున్నాడు, నేనే నేర్పాను, వారం రోజులు ఒక్క వేలితో పొడిచాడు. అప్పటినుంచి అది అచ్చుకే, ఆ మీటలు ఉన్నాయనే మరిచిపోయాం. మహాసభ వారం ధరల కాగితం అందకపోవడం కూడా అందుకే, వాన కాదు, తిప్పికొట్టు అన్నది దాన్ని కూడా తిప్పికొట్టింది. ఆ ప్రింటరు బిగించిన రోజు గణపతి చవితి. సెలవు. బిగించేవాడు శిరసినుంచి వ్యాను వేసుకుని వచ్చేశాడు, ఫోన్ చేస్తే అధ్యక్షుడు పూజలో, మంజప్ప ఎత్తలేదు, నేను మా అక్క ఊళ్లో. ఇంట్లో మోదకాలు ఆవిరి మీద ఉండగా లేచి, పట్టుపంచె మీదే సైకిలెక్కి వచ్చి తాళం తీసినవాడు సుబ్రాయణ్ణ ఒక్కడే. మెయిల్ ఎవరి పేరు మీద పోవాలండీ అని అడిగి ఉంటాడు బిగించేవాడు. ఇంకెవరున్నారు అక్కడ? నా పేరే పెట్టు నాయనా, అని ఉంటాడు. పెట్టాడు. అప్పటినుంచి ఎవరు ఏ కాగితం ఆ గాజు మీద బోర్లించి ఆ మీట నొక్కినా పంపేది సుబ్రాయ జోయిసే. పండగ పూట వచ్చి తాళం తీసినందుకు.

ఎవరు బోర్లించారో? పాతమనిషే అయి ఉంటాడు, లేదా పాతమనిషి అయి ఉంటుంది, ఆ మీట గుర్తున్నవాళ్లు. పేరు లేకుండా పోతుందనుకున్నారేమో, సుబ్రాయణ్ణ పేరు మీద పోతుందని వాళ్లకూ తెలిసి ఉండదు. తెలిశాక నోరు మూసుకున్నారు, నెల్లాళ్లుగా అతను ఎండిపోతుంటే రోజూ ఈ గుమ్మంలోంచే వస్తూ పోతూ నోరు మూసుకున్నారు. కోపం రావాలి నాకు. వస్తోంది కూడా, కాని కోపానికి కూడా ఓపిక కావాలి. ఎవరో నాకు తెలియనక్కర్లేదు. రాసింది ఎవరని కాదు, రాసింది నిజమా అని రాశి విప్పి చూడండి, పైకి వెళితే ఆ మాట అనాలి. నేను అనగలనా? ఈ పటాలు, ఎరుపులు, అంకెలు, ముద్రలు పట్టుకుని పైకి వెళ్లి ఆ బల్ల ముందు నిలబడి చెప్పగలనా? మొదటి మాటకే మంజప్ప ఆవులిస్తాడు. రెండో మాటకు గజానన హెగడే, అమ్మా, కాస్త మనకు అర్థమయ్యే భాషలో, అంటాడు. మూడో మాటకు సుబ్రాయణ్ణే, పోనీలే తంగీ, అంటాడు.

"కూర్చో సుబ్రాయా." చెక్కనేల సందుల్లోంచి అధ్యక్షుడి గొంతు. "కాగితం చదువుకున్నావు గదా? చెప్పేదేమైనా ఉందా?"

"చెప్పిందే చెప్పాలండీ. వద్దు లెండి."

"అయితే కానియ్. మంజప్పా, నా పెన్ను ఇవ్వు. ఆయన పెన్నులు తెచ్చుకోడు."

ఎవరో నవ్వారు. నేను లేచి మెట్ల కిందికి వెళ్లాను. మోకాలు కలుక్కుమంది. ప్రింటరులో ఉన్న తెల్లకాగితాల్లోంచి ఒకటి లాగాను, ఏమైనా రాద్దామా అనిపించింది, ఏం రాస్తాను, రాతతోనే కదా ఇదంతా, ఏమీ రాయకుండా గాజు మీద బోర్లించాను. చిన్న తెర మీద దుమ్ము. పైటకొంగుతో తుడిచాను. రెండే మీటలు, బిగించినవాడు తన ఇంగ్లీషులో రాసిపెట్టినవి, అందరికీ ఒకటి, కమిటీకి ఒకటి. పైన కుర్చీ ముందుకు జరిగింది. ఈ తలుపు రేపు నేను మూసేస్తాను, రేపటినుంచి ముద్ర లేనిదేదీ ఎవరి ఇంటికీ పోదు, కాని ఈ ఒక్కపూట ఇది తెరిచి ఉండాలి భగవంతుడా, ఈ లైను పోకూడదు, ఏ కొమ్మా విరగకూడదు. కమిటీ మీట నొక్కాను. కీ... చ్. గాజు కింద వెలుతురు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు నడిచి ఆగిపోయింది. ఏమీ లేదు. వాన. పైన కాగితం సర్దిన చప్పుడు. ఏమీ లేదు. పోయింది, లైను పోయింది, ఇదెప్పుడూ ఇంతే.

కోకిల కూసింది. పైన, కిటికీ వైపు. వెంటనే గుడిగంట. ఇంకోటి, నాకు తెలియనిది, పసిపాప నవ్వు. ఆ తరువాత, అందరికన్నా ఆలస్యంగా, బల్ల అదిరేలా, చెండె.

ఎవరి ఫోన్ వాళ్లు తీస్తున్న చప్పుడు. చెండె ఆగింది. కళ్లజోడు పెట్టె మూత టక్‌మన్నది.

"ఏమయ్యా సుబ్రాయా." గజానన హెగడే గొంతులో మొదటిసారి అధ్యక్షుడు లేడు, ధర కోసం చూసే రైతు ఉన్నాడు. "ఇప్పుడేం పంపావు నువ్వు?"

"నేనా? నా చేతిలో మీ పెన్ను ఉందండీ. ఫోను కింద సంచిలో ఉంది."

"నీ పేరు మీదే వచ్చింది కదా!"

అన్నాక ఆ మాట ఆయనకే వినబడినట్టుంది.  ప్రింటరు మూత మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాను, వెచ్చగా ఉంది. పైకి వెళ్లాలి, చెప్పాలి, పటాలు చూపించాలి, రాశి విప్పించాలి, ఎంత పని. కాసేపు ఆగి వెళతాను. ముందు ఇంకోసారి నొక్కాను.

ఈసారి చెండె మోగగానే పైన ఒకరు నవ్వారు. ముందు దగ్గులా మొదలై, ఆపుకోలేక పొంగి, పెంకుల మీది వానను కూడా మించిపోయింది. సుబ్రాయణ్ణ నవ్వు అది. నెల్లాళ్లయింది విని.